పదకొండు కిలోమీటర్ల జంపక్క

వాగొడ్డుగుంపు నుంచి తారు రోడ్డుకు ఎంత దూరమని అడిగితే ఆ ఊళ్లో ఎవరూ కిలోమీటర్లలో చెప్పేవారు కాదు. "మనం నడిస్తే మూడు గంటలు, జంపక్క ఉరికితే గంటంబావు" అనేవారు. తర్వాతెప్పుడో ఆశ్రమ పాఠశాల వ్యాయామ మాస్టారు రాంబాబు తన మోటారుసైకిలు మీటరు చూసి పదకొండు కిలోమీటర్లని తేల్చాడు. ఆయన తేల్చినా ఊరు మాత్రం పాత కొలతనే వాడుకుంది.

అప్పటికి జంపక్కకు ముప్ఫై రెండేళ్లు. సన్నగా, పొడుగ్గా, మొన్ననే జ్వరం పడి లేచినదానిలా ఉండేది. ఆ కోయగూడెంలో ఏడో తరగతి దాకా చదివిన ఆడమనిషి ఆమె ఒక్కతే కాబట్టి ఆరోగ్య కార్యకర్త పని ఆమెకే వచ్చింది. మలేరియా బిళ్లలు, ఒక థర్మామీటరు, వాంతులు విరేచనాలు పట్టుకున్నవాళ్లకు నీళ్లలో కలిపి తాగించే ఉప్పు చక్కెర పొట్లాలు ఆమె సంచిలో ఉండేవి. మొగుడు వెదురు కొట్టే కూలీ. ఏడాదిలో సగం రోజులు అడవిలో వెదురు నరికే కూపులోనే ఉంటాడు. పిల్లలు లేరు. ఊళ్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడ్డా ముందు ఆమె గడపే తొక్కేవారు.

నూట ఎనిమిది అంబులెన్సు బండ్లు వచ్చిన కొత్తలో మండలంలో మీటింగు పెట్టి, ఫోన్ కొడితే చాలు, బండి వచ్చి తీసుకుపోతుందని చెప్పారు. చెప్పినాయన మంచిగానే చెప్పాడు గానీ ఫోన్ ఎక్కడి నుంచి కొట్టాలో చెప్పలేదు. ఫోనేమో తారు రోడ్డు మీది కిరాణా కొట్టులో ఉంది. అందుకని నొప్పులు మొదలైనా, పాము కరిచినా, పిల్లాడికి ఫిట్స్ వచ్చినా జంపక్క కొంగు నడుముకు చుట్టుకుని ఉరకడం మొదలుపెట్టింది. బండి వాగు దాకా వచ్చేలోపు ఊరివాళ్లు మనిషిని మంచం మీద మోసుకొచ్చేవారు. అట్లా రెండేళ్లు గడిచాయి. ఊరికి కాళ్లంటే జంపక్క కాళ్లే.

ఆ కాళ్లు ఒక్కసారి ఓడిపోయాయి. 2007 వానల్లో తోడికోడలు శ్యామలకు తొలికాన్పు నొప్పులొచ్చాయి. జంపక్క ఉరికింది, ఫోన్ కొట్టింది, బండీ వచ్చింది. కానీ వాగు పొంగి రెండు గంటలు ఎవరినీ దాటనివ్వలేదు. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. జంపక్క ఇంకో గంట ముందు కబురు అందించి ఉంటే వాగు పొంగకముందే దాటేవారు. ఆ మాట ఎవరూ ఆమెను అనలేదు. అనకపోయినా ఆమెకు వినబడుతూనే ఉండేది.

ఊరివాళ్లు అన్నది ఇంకో మాట. ఆ ఎండాకాలం ఎవరో పండుగకు ముందే మామిడికాయ నోట పెట్టారని, అందుకే బిడ్డ పోయిందని గొణుక్కున్నారు. కొత్త కాయ ఏదైనా ముందు భూమికీ పెద్దలకూ పెట్టి, ఆ తర్వాతే మనిషి తినాలనేది కోయల కట్టు. మామిడి పండుగ ఏ రోజో ఊరి పూజారి భీమయ్య చెప్తాడు. అందాకా రాలిపడిన కాయను చీకినా తప్పే, ఎవరింట్లోనో కలిపిన పచ్చడి నాకినా తప్పే. జంపక్క ఆరోగ్య మీటింగులకు పోయే మనిషి, బిడ్డ ఎందుకు పోయిందో ఆమెకు తెలుసు. తెలిసినా మీటింగు మాటలు ఒక చెవిలోకి, ఊరి మాటలు ఇంకో చెవిలోకి దూరాయి. ఏదీ బయటికి పోలేదు. అదీ చిక్కు.

మరుసటి ఏడు ఎండలు ముదిరేసరికి శ్యామలకు మళ్లీ ఆరో నెల. లెక్కవేస్తే కాన్పు మళ్లీ వానల్లోనే వస్తుంది.

సరిగ్గా అప్పుడే రాంబాబు మాస్టారు ఆ కబురు పట్టుకొచ్చాడు. ఆయనది బోనకల్ వైపు. రైలుకూతలు వింటూ పెరిగిన మనిషికి ఈ అడవిలో ఉద్యోగం పడింది. పిల్లల చేత పరుగులు తీయించడమంటే ఆయనకు పిచ్చి. ములకలపల్లిలో ఒక యువజన సంఘం ఇరవై కిలోమీటర్ల పరుగు పందెం పెడుతోందట. చండ్రుగొండ దారిలో పది కిలోమీటర్లు పోయి, మళ్లీ వెనక్కి రావాలట. ఖర్చంతా వెంకటనారాయణ గారిది. వాళ్ల తాత కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం, సత్తుపల్లి వైపు మామిడి తోటలున్నాయి.

"ఆడవాళ్లలో మొదటొచ్చిన మనిషి ఊరికి వైర్‌లెస్ ఫోన్ పెట్టిస్తానన్నాడు జంపక్కా" అన్నాడు రాంబాబు. "తీగలు అక్కర్లేదు. గుట్ట మీద చిన్న కడ్డీ పాతితే మీ ఊళ్లోనే మోగుద్ది. నువ్వెట్లాగూ రోజూ ఉరికేదేగా. ఒక్కసారి జనం ముందర ఉరుకు."

జంపక్క మనసు వాగు వైపు పోయింది. ఊళ్లో ఫోన్! నొప్పులు మొదలవగానే, వాగు ఇంకా పాదం ముణిగేంతే ఉండగానే, గుడిసెలోంచి ఫోన్ కొట్టొచ్చు.

"గెలుస్తవా అక్కా?" అని అడిగింది శ్యామల, కడుపు మీద చెయ్యి పెట్టుకుని.

"గెలవక! ఎవరితోని ఉరకాలె, హాస్టల్ పిల్లలతోనేనా?" అంది జంపక్క. కాస్త గర్వం ఉండేది ఆమెకు. ఎందుకుండకూడదు? ఆ ఊళ్లో ఇంకెవరికైనా గర్వపడటానికి ఏముంది గనక?

పందెం పొద్దున ఆరింటికన్నారు. ముఖ్య అతిథి రాలేదని ఆపారు. ఆయనొచ్చాక శాలువాలు కప్పారు, ఆరోగ్యమే మహాభాగ్యమని మైకులో అరగంట చెప్పారు. ఆరోగ్యం సంగతి ఆయన మాట్లాడుతుంటే ఎండ నెత్తికెక్కింది. ఎనిమిదింబావుకు విజిల్ వేశారు. మగవాళ్లు అరవై మంది, ఆడవాళ్లు పదకొండు మంది. జంపక్క తప్ప ఆడవాళ్లంతా పద్దెనిమిది దాటని పిల్లలే. వాళ్లలో ప్రమీల అనే పిల్ల చురుకైనదని రాంబాబు ముందే చెప్పాడు. రోడ్డు పక్క ఊరిది, హాస్టల్లో ఉండి ఆటలాడే పిల్ల.

జంపక్క ఆ పొద్దున అర చెంబు జొన్నజావ తాగి వచ్చింది. ఉరికే రోజు ఎక్కువ తాగితే పక్కలో పోటొస్తుందని ఆమె లెక్క. అడవి దారిలో ఆ లెక్క సరిపోయేది. వాగు రెండుచోట్ల అడ్డం వస్తుంది, ఎండాకాలమైనా ఇసుక తవ్వితే చెలమలో నీళ్లూరుతాయి, నాలుగు దోసిళ్లు తాగి మళ్లీ పరుగు. నీడ సరేసరి. తారు రోడ్డు మీద ఉరకడం ఆమెకు అదే మొదలు. కింద నుంచి కూడా ఎండ కొడుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మూడో కిలోమీటరు దగ్గర బల్ల మీద నీళ్ల గ్లాసులు పెట్టారు. కొందరు ఆగారు. జంపక్క ఆగలేదు. మొదట్లోనే ఆగితే ఏం మర్యాద అనుకుంది. ఆ ఒక్క పొగరుకు ఆమెను నేను క్షమించలేను, ఆమె కూడా తర్వాత క్షమించుకోలేదు.

ఏడో కిలోమీటరు బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్లలో ఆమే ముందు. నోరు ఎండుతోంది. ఈసారి ఆగింది. నీళ్ల డబ్బాలు ఖాళీ. ముందు పోయిన మగవాళ్లు సగం తాగి, సగం నెత్తిన గుమ్మరించుకుపోయారు. పక్కనే స్టీలు బిందెల నిండా పచ్చగా ఏదో ఉంది. ఒక కుర్రాడు గ్లాసు అందించాడు. ముక్కు దగ్గరికి రాగానే తెలిసింది. మామిడికాయ పానకం.

వెంకటనారాయణ భార్య బుల్లెమ్మ దగ్గరుండి చేయించింది దాన్ని. పచ్చికాయలు ఉడకబెట్టి, గుజ్జు పిసికి, బెల్లం, ఉప్పు కలిపి, ఎండదెబ్బకు ఇంతకంటే మంచి మందు లేదని రెండు వందల మందికి సరిపడా పంపించింది. నిజమే కూడా. ఉప్పూ తీపీ నీళ్లూ కలిపి తాగించండని జంపక్క ఇంటింటికీ తిరిగి చెప్పేది అదే కదా.

కానీ వాగొడ్డుగుంపులో మామిడి పండుగ ఇంకా కాలేదు.

"నీళ్లు లేవా తమ్మీ?"

"నీళ్లెందుకక్కా, ఇది తాగు, చల్లగుంటది. నీళ్ల ట్యాంకర్ వస్తనే ఉంది."

జంపక్క గ్లాసు బల్ల మీద పెట్టేసి ఉరికింది. పదో కిలోమీటరు మలుపు దగ్గరా అదే పానకం, అదే మాట, ట్యాంకర్ వస్తనే ఉంది. పన్నెండో కిలోమీటరు దగ్గర రోడ్డు పక్క చేతిపంపు కనబడితే ప్రాణం లేచొచ్చింది. కానీ నలుగురు ఆడవాళ్లు బిందెలు వరస పెట్టుకున్నారు. పంపు ఇరవైసార్లు కొడితే గానీ నీళ్లు పైకెక్కడం లేదు. అడిగితే ఇచ్చేవాళ్లే. ఆమె నోరు తెరిచేలోపు వెనక బూట్ల చప్పుడు వినబడింది. ప్రమీల పట్టుమని పది బారల దూరంలో కూడా లేదు. పానకం తాగి, మూతి తుడుచుకుని, హాయిగా వస్తోంది. జంపక్క పంపును వదిలేసింది.

పద్నాలుగో కిలోమీటరు దగ్గర రాంబాబు మోటారుసైకిలు దిగి, తనే పానకం గ్లాసు పట్టుకుని పక్కన ఉరికాడు.

"తాగక్కా. నీ మొహం చూస్తుంటే నాకు బాగనిపించట్లా. రెండు గుక్కలు."

"వద్దు సార్."

"కడుపులో పట్టేస్తదని భయమా? ఏం కాదు, తాగు."

భయం కడుపుది కాదు. ఆ గ్లాసు తాగితే గెలుస్తుంది, ఫోన్ వస్తుంది, శ్యామలకు ఆసరా అవుతుంది. కానీ తాగితే, రేపు శ్యామల కాన్పులో ఏదైనా జరిగితే, కొత్త కాయ ముందు తిన్న నోరు ఎవరిదని ఊరు వెతకనక్కర్లేదు. ఊరి సంగతి అటుంచు, తనకు తాను ఏం చెప్పుకుంటుంది? నీళ్లు తెమ్మంటే పానకం ఎందుకొద్దని అడుగుతాడు. ఇదంతా ఉరుకుతూ సార్‌కు విప్పి చెప్పాలంటే ఊపిరి చాలదు. ఒకవేళ చాలినా, నవ్వుతాడేమోనని మొహమాటం. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన ఇంకోసారి ఎందుకని అడగలేదు.

పదహారు దాటాక ఒంటి మీద చెమట ఆగిపోయింది. చెమట ఆగితే ఏమిటో జంపక్కకు తెలుసు. నాలుక పిడచకట్టుకుపోతే, గుండె దడదడ కొట్టుకుంటే, చలి పుట్టినట్టు ఒళ్లు జలదరిస్తే ఏమిటో తెలుసు. ఉరుకుతూనే ముంజేతి తోలు గిల్లి వదిలింది, ఊళ్లో పసిపిల్లల పొట్ట మీద గిల్లి చూసినట్టు. తోలు అట్లాగే మడతపడి నిలబడింది. ఇదే ఇంకొకరి చెయ్యి అయితే ఈపాటికి వాళ్ల అమ్మను పట్టుకుని తిట్టి ఉండేది. తన చేతిని చూసుకుని, ఇంకా నాలుగు కిలోమీటర్లే కదా అనుకుంది. పదిహేడు దగ్గర, పోయేటప్పుడు వదిలేసిన మొదటి బల్ల మళ్లీ వచ్చింది, దాని మీద ఇప్పుడు ఖాళీ గ్లాసులే ఉన్నాయి.

పద్దెనిమిదో రాయి దగ్గర కాళ్లు ఆమె మాట వినడం మానేశాయి. ఒకటి ముందుకు వేస్తే ఇంకోటి దానికి అడ్డం పడుతోంది. కళ్లు బైర్లు కమ్మాయి. రోడ్డు దిగి తుప్పల్లోకి పోయింది, చేతులతో తడుముకుంటూ మళ్లీ ఎక్కింది. ఎక్కాక ములకలపల్లి వైపు కాదు, వచ్చిన దారినే చండ్రుగొండ వైపు ఉరకసాగింది. ఎదురొస్తున్న ప్రమీల ఆమెను చూసి బెదిరిపోయి ఆగింది, "అక్కా, అటు కాదు, ఇటు" అని అరిచింది కూడా. పాపం, మంచి పిల్ల. రోడ్డు పక్క జనం మాత్రం ఇదేదో తమాషా అనుకుని ఈలలు వేశారు.

రాంబాబు బండి అడ్డం పెట్టి ఆమె భుజాలు పట్టుకున్నాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది.

"సార్, ఫోన్ కొట్టుర్రి" అంది జంపక్క. "శ్యామలకు నొప్పులొస్తున్నయ్. వాగు ఇంకా పొంగలె. జల్దీ కొట్టుర్రి."

అని ఆయన చేతుల్లోనే వాలిపోయింది. రాంబాబు జేబులోంచి సెల్లు తీసి ఫోన్ కొట్టాడు. పన్నెండు నిమిషాల్లో బండి వచ్చింది. ఆమె ఇంతమంది కోసం పిలిచిన ఆ బండిలో ఎక్కడం ఆమెకు అదే మొదటిసారి. ఎక్కిస్తుంటే రెక్క విదిలించుకుని, "నేను గాదు, నేను గాదు, ఆమెను ఎక్కియ్యుర్రి" అని అరిచిందట. అది ఆమెకు గుర్తులేదు. రాంబాబు చెప్పాడు, చెప్తూ ఏడ్చాడు.

కొత్తగూడెం దవాఖానాలో ఎనిమిది రోజులుంది. మొదటి రెండు రోజులు మూత్రం చిక్కటి డికాషన్ రంగులో వచ్చింది. సెలైన్ సీసాలు ఒకదాని వెంట ఒకటి ఎక్కించారు. ఒంట్లో నీళ్లు ఇంకిపోయి కండరాలు కరిగాయని, కిడ్నీలు దెబ్బతిన్నాయని డాక్టరమ్మ చెప్పింది. ప్రాణానికి భయం లేదు గానీ ఏడాది దాకా ఉరకొద్దంది. ఆ తర్వాత కూడా ఉరకగలదో లేదో అప్పుడు చూసి చెప్తానంది.

అయిదో రోజు బుల్లెమ్మ వచ్చింది. యాపిల్ పండ్ల సంచి మంచం కింద పెట్టి, చాలాసేపు కొంగు నులుముతూ కూర్చుంది.

"బిందెలకు బిందెలు పంపించాను కదమ్మా. అందరూ తాగారు. నువ్వొక్కదానివీ ఎందుకు తాగలేదు?"

జంపక్క చెప్పింది. వినేసరికి బుల్లెమ్మ మొహం పాలిపోయింది. "అయ్యో, ముందే చెప్తే ఒక బిందె నిమ్మకాయ కలిపించేదాన్ని కదే తల్లీ! ముప్ఫై ఏళ్లుగా మీ వాళ్లే మా తోటలో కాయ కోస్తున్నారు. ఏనాడూ ఒక్క మాట అనలేదు."

"మీరు అడగలే అమ్మా" అంది జంపక్క. నిష్ఠూరంగా అనలేదు, ఉన్న సంగతి చెప్పింది. తర్వాత సిగ్గు విడిచి అడిగేసింది. "ఆ ఫోన్ మా ఊరికి ఇయ్యరా?"

బుల్లెమ్మ తల దించుకుంది. ఫోన్ పెట్టె ప్రమీల వాళ్ల ఊరికి పోయింది. అక్కడ ఇప్పటికే పదిళ్లలో ఫోన్లున్నాయి. అందరి ముందు ఇచ్చినదాన్ని వెనక్కి ఎట్లా అడుగుతామని, వచ్చే ఏడు చూద్దామని వెంకటనారాయణ గారన్నారని చెప్పింది. వచ్చే ఏడంటే శ్యామల బిడ్డకు పళ్లు కూడా వస్తాయి.

ఇంటికి తెచ్చాక, సాయంత్రం చల్లబడ్డాక భీమయ్య చూడ్డానికి వచ్చాడు. వరసకు మామ. గుడిసె ముందు మంచం మీద జంపక్క పడుకుని ఉంది, పక్కన శ్యామల చింతగింజలు ఒలుస్తోంది. ముసలాయన జరిగిందంతా మొదటి నుంచి చెప్పించుకున్నాడు. బిందెల దగ్గరికి రాగానే చెయ్యెత్తి ఆపాడు.

"తాగలేదా నువ్వు?"

"ఎట్ల తాగుత మామా? పండుగ కాలె గదా."

భీమయ్య మంచం పట్టె మీద కూలబడ్డాడు. "ప్రాణం మీదికొస్తే తాగొచ్చు గదనే. మా నాయిన కాలంల కరువొస్తే పండుగకు ముందే తిన్నరు. వచ్చినంక ఒక కోడిపిల్లను కోసి, తప్పయింది తల్లీ అని భూమికి చెప్పుకున్నరు. అంతే. భూమి మనిషి పీనుగును అడుగుతదా?"

"నాకెవ్వరు చెప్పలె" అంది జంపక్క.

"నువ్వెవ్వర్ని అడగలె" అన్నాడు భీమయ్య.

దవాఖానాలో సూదులు గుచ్చినప్పుడు ఏడవలేదు, ఇక ఉరకొద్దన్నప్పుడు ఏడవలేదు. ఇప్పుడు మొహం గోడకు తిప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఒక్క కోడిపిల్ల! ఒక్క కోడిపిల్లతో పోయేదానికి ఫోన్ పోగొట్టింది, కాళ్లు పోగొట్టుకుంది. భీమయ్య ఏం చెయ్యాలో తెలియక తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. శ్యామల గింజలు ఒలవడం ఆపలేదు.

రెండు వారాలు పోయాక శ్యామల ఆ మాట అంది. చాలా రోజులు కూడగట్టుకుని అన్నట్టే ఉంది.

"అక్కా, నేను రోడ్డు మీదికి పోత. మా మేనత్త ఇల్లు కొట్టు వెనకనే గదా. కాన్పయ్యేదాక ఆడనే ఉంట."

"ఇప్పటి నుంచేనా? ఇంకా ఏడో నెలే గదనే."

"వానలు పడితే వాగు దాటనియ్యదు." శ్యామల కడుపు మీద కొంగు సర్దుకుంది. "ఇన్నాళ్లు నువ్వున్నవని కూసున్న అక్కా. ఇప్పుడు ఎవరున్నరని కూసోవాలె?"

కోపంతో అన్న మాట కాదు. అదే జంపక్కకు ఎక్కువ తగిలింది. వాదించడానికి ఏమీ లేదు, పిల్ల చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైన పని. ఆరోగ్య కార్యకర్తగా తనే చెప్పాల్సిన మాట. "మంచిదే, నేనొచ్చి దింపుత" అంది.

తెల్లవారి చల్లపొద్దున ఇద్దరూ బయల్దేరారు. బట్టల మూట శ్యామల మరిది నెత్తిన పెట్టుకుని ముందు వెళ్లిపోయాడు. మొదటి వాగు దాకా జంపక్క బాగానే నడిచింది. ఒడ్డు ఎక్కేసరికి తొడలు వణికి, చెట్టు పట్టుకుని నిలబడింది. ఊపిరి కూడదీసుకుని తలెత్తి చూస్తే శ్యామల కనబడలేదు. గంటంబావులో దాటే దారి అది. ఆ రోజు అయిదు గంటలు పట్టింది. ఏడో నెల కడుపుతో శ్యామల ముందు నడుస్తూ, మలుపు మలుపుకూ ఆగి జంపక్క వచ్చేదాకా నిలబడింది.